ములాఖత్ ముష్టి కాదు

చెముడుగుంట సెంట్రల్ జైలు ముందు ఏ నాయకుడి కాన్వాయ్ ఆగినా నెల్లూరులో మర్నాడు ఒకటే మాట: అది జైలా, అత్తారిల్లా? టీ కొట్టు దగ్గర ఎగతాళిగా పుట్టిన ఈ మాట టీవీ చర్చల్లోకి పాకి, చదువుకున్నవాళ్ళ నోట ఒక సిద్ధాంతంగా గట్టిపడింది. నేరం చేసి లోపలికి పోయినవాడికి అయినవాళ్ళను చూసే భోగమెందుకు? ములాఖత్ అనేది సర్కారు చూపించే దయ. దయ కనుక ఎంత తగ్గిస్తే అంత మంచిది. మరీ అంత మమకారముంటే వీడియో కాల్ ఉండనే ఉంది. ఈ ధోరణిలో మాట్లాడేవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. మన ఇరుగుపొరుగువాళ్ళే, మన బంధువులే. కానీ ఈ వాదంలో మొదటి ముక్క నుంచి చివరి ముక్క దాకా నిలబడేది ఒక్కటీ లేదు.

ముందు లోపలున్నది ఎవరో చూద్దాం. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క ప్రకారం 2022 చివరికి దేశంలోని జైళ్ళలో 5,73,220 మంది ఉన్నారు. వాళ్ళలో 4,34,302 మంది విచారణ ఖైదీలు, అంటే నూటికి 75 మందికి పైనే. నలుగురిలో ముగ్గురు నేరం చేశారని ఏ న్యాయస్థానమూ ఇంకా తేల్చలేదు. 'నేరం చేసినవాడికి' అని ఎత్తుకున్న వాక్యం ఆ ముగ్గురి విషయంలో ఎత్తుగడలోనే కూలిపోతుంది. నాలుగోవాడి సంగతి కూడా చెబుతాను, తప్పించుకోను.

ఇక దయ అన్న మాట. 1894 నాటి జైళ్ళ చట్టం తెల్లదొరలు రాసింది. ఖైదీల మీద వాళ్ళకు ప్రేమ కారిపోయిందని ఎవరూ అనరు. ఆ చట్టంలోని 40వ సెక్షన్, శిక్ష పడని ఖైదీలు ఎవరితో మాట్లాడాలనుకుంటారో వాళ్ళను తగిన వేళల్లో, తగిన కట్టుబాట్లతో లోపలికి రానిచ్చే ఏర్పాటు ఉండాలంది. విచారణ ఖైదీ తన వకీలుతో మాట్లాడేటప్పుడు వీలైనంతవరకు మూడో మనిషి పక్కన ఉండకూడదని కూడా అందులోనే ఉంది. అంటే మనం ఈనాడు పెద్ద ఉదారంగా, అయిష్టంగా ఇస్తున్నామనుకుంటున్నది పరాయి ప్రభుత్వం నూట ముప్పయ్యేళ్ళ కిందటే కాగితం మీద పెట్టక తప్పలేదు.

స్వతంత్ర దేశంలో ఆ కాగితానికి రాజ్యాంగ బలం తోడైంది. తిహార్ జైలు ఖైదీ ఒకరు రాసిన ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకుని విచారించిన సునీల్ బాత్రా కేసులో జస్టిస్ కృష్ణయ్యర్, అయినవాళ్ళ రాకను అడ్డుకుని సంతోషించే వ్యవస్థ మనిషితనం పోగొట్టుకున్నదని తేల్చారు. 1981 జనవరిలో ఫ్రాన్సిస్ కొరాలీ ముల్లిన్ కేసు తీర్పు వచ్చింది. ఆమె బ్రిటిష్ జాతీయురాలు, దొంగరవాణా నిరోధక చట్టం కింద తిహార్‌లో నిర్బంధంలో ఉంది. పసికూతురినీ, తోబుట్టువునూ నెలకొకసారి మాత్రమే చూడనిచ్చేవారు. ప్రాణహక్కు అంటే ఊపిరి పీలుస్తూ పడి ఉండటం కాదని, నెలకొకసారి అన్న షరతు చెల్లదని, వారానికి కనీసం రెండుసార్లు బంధుమిత్రులను చూడనివ్వాలని సుప్రీంకోర్టు చెప్పింది. ఆమె స్వాతంత్ర్య సమరయోధురాలేమీ కాదు. దొంగసరుకు అనుమానం మీద పట్టుకొచ్చిన విదేశీ స్త్రీ. ఆమెకు దక్కిన హక్కు మన తీరంలోని ఇసకపల్లి పట్టపు కులపు జాలరికి దక్కకూడదని కదా, ఇప్పుడు మనవాళ్ళ వాదం!

అయితే ఈ వాదం ఎందుకు ఇంత బలంగా నాటుకుంది? జనానికి కనబడే ములాఖత్‌లు వేరు కాబట్టి. 2023 సెప్టెంబరు 14న రాజమండ్రి సెంట్రల్ జైల్లో చంద్రబాబు నాయుడిని పవన్ కల్యాణ్, బాలకృష్ణ, లోకేశ్ కలిశారు. బయటికొచ్చి గేటు దగ్గరే పవన్ ఎన్నికల పొత్తు ప్రకటించారు. 2024 జులై 4న పిన్నెల్లి రామకృష్ణారెడ్డిని చూడటానికి, 2025 జులై 31న కాకాణి గోవర్ధన్ రెడ్డిని చూడటానికి వాళ్ళ పార్టీ అధినేత జగన్మోహన్ రెడ్డి నెల్లూరు జైలుకు వచ్చారు. జనం, జెండాలు, పోలీసు ఆంక్షలు, బారికేడ్లు. ఏ పార్టీవాళ్ళను చూసినా ములాఖత్ అంటే ఒక బహిరంగ సభకు ముందుమాట అన్నట్టే కనిపిస్తుంది. 2025 ఆగస్టులో ఒక జీవితఖైదీ పెరోల్ వ్యవహారం, ఆస్పత్రి గదిలో తీసిన వీడియో బయటపడి రచ్చయ్యాక జిల్లా అంతా మండిపడింది. మండిపడటం న్యాయమే.

అన్యాయమల్లా ఆ మంట ఎవరి మీద పడిందన్నదే. పెద్దవాడికి దొరికిన ప్రత్యేక సదుపాయం మీద కోపమొచ్చి, పేదవాడికి దొరకవలసిన మామూలు సదుపాయం పీకేయమంటున్నాం. పలుకుబడి ఉన్నవాడికి నిబంధన ఎంత బిగించినా ఒక సందు దొరుకుతుంది. ఆ బిగింపు ఉరి అయ్యేది సందు దొరకనివాళ్ళకే. ఇంకో ముచ్చట చూడండి. చంద్రబాబు జైల్లో ఉన్నప్పుడు లాయర్లను కలిసే లీగల్ ములాఖత్‌లు తగ్గించారని ఆయన తరఫువాళ్ళు కోర్టుకెళ్ళి పోరాడారు. పోరాడటం సబబే. అధికారంలో ఉన్నంతకాలం ఎవరికీ పట్టని ఈ హక్కు, లోపలికి వెళ్ళిన మొదటి వారంలోనే అన్ని పార్టీలకూ ప్రాణసమానమవుతుంది. బయటికొచ్చాక మళ్ళీ గుర్తుండదు.

గేటు బయట మిగతా రోజుల్లో నిలబడేది ఎవరు? కావలి, అల్లూరు, కోడూరు, వాకాడు వైపు నుంచి వచ్చినవాళ్ళు. ఇసకపల్లి పాలెం నుంచి బయలుదేరే ఆడమనిషి ముందు అల్లూరు చేరాలి, అక్కణ్ణుంచి నెల్లూరు, నెల్లూరులో మళ్ళీ ఇంకో బండెక్కి చెముడుగుంట. కావలి నుంచయితే నెల్లూరు దాకానే యాభై కిలోమీటర్ల పైమాట. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీలో ఉచిత ప్రయాణం వచ్చింది గనుక బస్సు ఛార్జీ బాధ కొంత తీరింది. కూలి పోవడం తీరలేదు. కడలి మీద బతికేవాళ్ళ లెక్క ఇంకా విచిత్రం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. అప్పుడు తీరికుంటుంది, చేతిలో డబ్బుండదు. వేట సాగేటప్పుడు డబ్బుంటుంది, తీరికుండదు. ఇక చంటిబిడ్డను ఎవరికి అప్పగించి రావాలి, బడి పిల్లవాడికి నాయన ఎక్కడున్నాడని చెప్పాలి అన్నవి ఏ లెక్కలోనూ రావు.

అంత దూరం వచ్చాక జరిగే తంతు ఏ జైల్లోనైనా ఇంచుమించు ఒకటే. ఆధార్ చూపాలి, అర్జీ రాయాలి, చదువు రాకపోతే రాసిపెట్టేవాణ్ణి బతిమాలుకోవాలి, ఫోను బయట పెట్టాలి, తనిఖీకి నిలబడాలి, పేరు పిలిచేదాకా కూచోవాలి. తెచ్చినదాంట్లో సగం లోపలికి పోదు. చివరికి జాలీ వెనకో అద్దం వెనకో ఆ మనిషి కనబడేసరికి అటూ ఇటూ పదిమంది ఒకేసారి అరుస్తుంటారు. ఆ అరుపుల్లో తన మనిషి గొంతు ఏరుకోవాలి. కొద్ది నిమిషాలకే టైమైపోయిందంటారు. దీన్నే మనవాళ్ళు భోగం అంటున్నారు.

ఆ కొద్ది నిమిషాల్లో ఏం మాట్లాడుకుంటారో మన విమర్శకులు ఒక్కసారైనా ఆలకించి ఉంటే సగం వాదన అక్కడే వదిలేసేవారు. కన్నీళ్ళు మొదటి రెండు నిమిషాలే. తర్వాతంతా వ్యవహారం. వకాల్తా మీద సంతకం ఎప్పుడు పెట్టాలి, వాయిదా ఏ తారీఖు, లాయరుకు ఇంకా ఎంత బాకీ. బెయిలు వస్తే జామీను ఎవరుంటారు? ఫలానా మామను అడిగావా, ఆయన పాసుపుస్తకం ఇస్తాడా, ఇంటి పన్ను రసీదు ఎవరి పేరున ఉంది? పడవలో తన వాటా ఎవరి దగ్గరుంది, వల తాకట్టు విడిపించారా, డ్వాక్రా కిస్తీ కట్టారా, పాపకు జ్వరం తగ్గిందా? బెయిలు ఉత్తర్వు చేతికొచ్చినా జామీనుదారులు దొరక్క లోపలే ఉండిపోయేవాళ్ళు మన దేశంలో ఎందరో ఉన్నారు. వాళ్ళ కోసమే 2023లో కేంద్రం పేద ఖైదీలకు సాయం చేసే పథకం కూడా పెట్టింది. 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన కొత్త నేర విచారణ సంహిత (బీఎన్ఎస్ఎస్) 479వ సెక్షన్ ప్రకారం, మరణశిక్షో యావజ్జీవమో పడే నేరాలు కాకపోతే, ఇంతకుముందు ఏ కేసులోనూ శిక్ష పడని విచారణ ఖైదీ గరిష్ఠ శిక్షలో మూడోవంతు కాలం లోపలే గడిపితే బెయిలుకు అర్హుడు. ఆ రోజులు లెక్కబెట్టేదెవరు? ప్రభుత్వ కాగితమా, ఇంటి మనిషా? ములాఖత్ తెగిపోతే ఆ పేద ఇంటికి కేసు నడిపే ఆఫీసు మూతపడ్డట్టే. వకీలుతోపాటు ఆయన జూనియర్లు కూడా జైలుకు వచ్చిపోయే స్థోమతున్నవాడికి ఆ సంగతి తెలియదు.

ఈ తీరంలో ఈ మాట మరింత గట్టిగా చెప్పుకోవాలి. నెల్లూరు జిల్లా యానాదుల జిల్లా. పుట్టుకతోనే మనుషుల మీద దొంగ ముద్ర వేసిన నేరస్థ తెగల చట్టం నీడ ఇక్కడ ఎంత చిక్కగా పడిందో కావలి సెటిల్‌మెంట్ చరిత్ర, బిట్రగుంట దగ్గరి కప్పరాళ్ళతిప్ప చరిత్ర చెబుతాయి. సెటిల్‌మెంట్ దాటి అయినవాళ్ళను చూడాలంటే పాసు కావాలి, పిలిచినప్పుడు హాజరు పలకాలి. 1952లో ఆ చట్టం పోయింది గానీ దాని వాసన జైలు నిబంధనల్లో డెబ్బయ్యేళ్ళు మిగిలిపోయింది. 2024 అక్టోబరు 3న సుకన్య శాంత కేసులో సుప్రీంకోర్టు, కులాన్ని బట్టి పని పంచే నిబంధనలనూ, విముక్త జాతులను అలవాటు నేరస్థులుగా చూసే నిబంధనలనూ కొట్టేసింది. ఆ తీర్పు తూర్పారబట్టిన వాటిలో ఆంధ్రప్రదేశ్ జైలు నిబంధనలూ ఉన్నాయి. ఇప్పటికీ ఆధార్ కార్డు లేని యానాది కుటుంబాలున్నాయి. కార్డు లేకపోతే గేటు దగ్గర ఆ ఇంటి ఆడమనిషి లోపలున్నవాడికి భార్య కాదు, తల్లి కాదు, ఎవరూ కాదు. తగ్గించాలి, బిగించాలి అనేవాళ్ళు ముందు ఈమె దగ్గర ఇంకేం తగ్గించగలరో చెప్పాలి.

వీడియో కాల్ వాదానికి వద్దాం. ఇది ఆధునికంగా కనబడుతుంది గనుక ఎక్కువమంది దీనికి పడిపోతున్నారు. కోవిడ్‌లో నేరుగా కలవడం ఆపినప్పుడు వీడియో ములాఖత్ ఎందరినో ఆదుకుంది, కాదనను. గల్ఫ్‌లో ఉన్న కొడుక్కి, మంచంలో ఉన్న ముసలమ్మకు ఇప్పటికీ అదే దారి. ఈ-ములాఖత్ ఇంకా పెరగాలి. కానీ అదనంగా ఇవ్వడం వేరు, అసలుకు బదులివ్వడం వేరు. అమెరికాలో ఈ రెండో దారి పట్టిన జైళ్ళ కథ చదవండి. 2015లో ప్రిజన్ పాలసీ ఇనిషియేటివ్ అనే సంస్థ వెల్లడించిన ప్రకారం, వీడియో ఏర్పాటు పెట్టుకున్న స్థానిక జైళ్ళలో నూటికి 74 నేరుగా కలవడాన్ని ఎత్తేశాయి. కంపెనీలు నిమిషాలకు రేటు కట్టి అమ్ముకున్నాయి. చివరికి శిక్షల విషయంలో మెతకదని ఎవరూ అనని టెక్సాస్ రాష్ట్రమే అదే ఏడాది చట్టం చేసి, కొన్ని మినహాయింపులతోనైనా సరే, మనుషుల్ని మనుషులు కలిసే ఏర్పాటు ఉండాల్సిందేనంది. మన సుప్రీంకోర్టు కూడా జైళ్ళలో అసహజ మరణాల మీద 2017 సెప్టెంబరు 15న ఇచ్చిన తీర్పులో కుటుంబ ములాఖత్‌ల సమయం, సంఖ్య పెంచే సంగతి చూడమంది. ఫోన్, వీడియో వాడకాన్ని ఆ పెంపుతో పాటే ప్రస్తావించింది. 2022లో మన జైళ్ళలో నమోదైన అసహజ మరణాలు 159, అందులో 119 ఆత్మహత్యలు. తీర్పు ఏ సందర్భంలో వచ్చిందో మరిచి వీడియో ఒక్కటే పట్టుకుని వేలాడటం తెలివి కాదు.

గంజాయి, సెల్‌ఫోన్లు లోపలికి పోవడం లేదా అంటారు. పోతున్నాయి. నిషిద్ధ వస్తువులు చేరవేసేవాళ్ళను శిక్షించడానికి 1894 చట్టంలోనే 42వ సెక్షన్ ఉంది. పట్టుకోండి, కేసు పెట్టండి, స్కానర్లు కొనండి. కానీ జైల్లోకి రోజూ వెళ్ళొచ్చేది ఖైదీ తల్లి ఒక్కతే కాదు. సిబ్బంది వెళతారు, సరుకుల లారీలు వెళతాయి. అనుమానం పేరు చెప్పి వాటిని ఆపమని ఎవరూ అనరు.

ఇక నాలుగోవాడు, శిక్ష పడ్డవాడు. ఇక్కడ ఎదుటివాళ్ళ ప్రశ్న నిజంగా బరువైనది. హత్యకు గురైనవాడి తల్లికి ఏ ములాఖత్ ఉంది? ఆమె ఏ జాలీ ముందు నిలబడి కొడుకును చూసుకుంటుంది? దీనికి నా దగ్గర ఆమెను ఊరడించే జవాబు లేదు, ఎవరి దగ్గరా ఉండదు. ఆమెకు పరిహారం రావాలి, కేసు త్వరగా తేలాలి, సాక్షులకు రక్షణ ఉండాలి. వీటి కోసం గొంతు చించుకుందాం. కానీ హంతకుడి కూతురికి తండ్రిని చూపించకపోతే ఆ తల్లికి తిరిగొచ్చేదేమిటి? జడ్జి తీర్పులో ఇన్నేళ్ళ కఠిన కారాగారమని రాస్తాడు. కన్నవాళ్ళ ముఖం చూడరాదని రాయడు. ఆయన రాయని శిక్షను టీ కొట్టు రాయకూడదు. ఐక్యరాజ్య సమితి 2015లో ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాలు కూడా, క్రమశిక్షణ పేరుతో కుటుంబ సంబంధాన్ని పూర్తిగా నిషేధించకూడదంటాయి.

పైగా అతడు ఒకనాటికి బయటికొస్తాడు, మన ఊరికే వస్తాడు. అమెరికాలోని మిన్నెసోటా జైళ్ళశాఖ 2003 నుంచి 2007 మధ్య విడుదలైన పదహారు వేల మందికి పైగా ఖైదీల సంగతి పరిశీలించి 2011లో ఫలితం ప్రకటించింది. లోపలున్నప్పుడు చూడటానికి మనుషులు వచ్చినవాళ్ళు మళ్ళీ నేరం చేసి శిక్షపడే ముప్పు, ఎవరూ రానివాళ్ళతో పోలిస్తే 13 శాతం తక్కువ. ఖైదీ మీద జాలి లేనివాళ్ళు తమ వీధి క్షేమం కోసమైనా ఈ అంకె చూడాలి.

శిక్ష పడిందంటే తేలిపోయినట్టేనా? అమలాపురంలో పుట్టిన ప్రొఫెసర్ జి.ఎన్. సాయిబాబాకు 2017 మార్చిలో గడ్చిరోలి కోర్టు యావజ్జీవం వేసింది. నాగపూర్ జైల్లో ఉండగా 2020 ఆగస్టులో హైదరాబాద్‌లో తల్లి చనిపోయింది. కడసారి చూడటానికి పెరోల్ ఇవ్వలేదు. 2024 మార్చి 5న బొంబాయి హైకోర్టు ఆయన్ను నిర్దోషిగా విడిచిపెట్టింది. అదే ఏడాది అక్టోబరు 12న ఆయనా పోయారు. ఆయన రాజకీయాలతో ఏకీభవించనక్కరలేదు. ఆ తల్లి చూపు బాకీ మాత్రం ఎవరి ఖాతాలో రాయాలో, 'నేరం చేసినవాడికెందుకు' అనేవాళ్ళే చెప్పాలి.

సిగ్గు గురించి కూడా ఒక మాట. జైలుకు పోయినవాడి ఇంటిమీద మనం వేసే వెలి చూస్తే, 1930లో అలగానిపాడు కుర్రాడు పుచ్చలపల్లి సుందరయ్య పదిహేడేళ్ళకే ఉప్పు సత్యాగ్రహంలో దిగి జైలుకెళ్ళాడే, ఆయన పుట్టింది ఈ జిల్లాలోనేనా అనిపిస్తుంది. ఆయన దేశం కోసం వెళ్ళాడు కదా అంటారు. నిజమే. 2018 నవంబరులో గుజరాత్ తీరం నుంచి వేటకెళ్ళి పాకిస్తాన్‌కు చిక్కిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు మాత్రం దేశం కోసం కాదు, కూలి కోసం వెళ్ళారు. ఇరవై మంది 2020 జనవరిలో వాఘా దాటి వచ్చారు. వాళ్ళ కథ ఆధారంగా 2025లో 'తండేల్' తీస్తే, ఒడ్డున ఎదురుచూసే పిల్ల కోసం హాల్లో మనమంతా కళ్ళు తుడుచుకున్నాం. కరాచీ జైలు ముందు నిలబడలేకపోయిన ఆడవాళ్ళకు పెట్టిన కన్నీళ్ళు చెముడుగుంట ముందు నిలబడ్డ ఆడవాళ్ళకు ఎందుకు రావు? తెర మీద కుర్రాడు అమాయకుడని మనకు ముందే తెలుసు గనుక. క్యూలో ఉన్నామె మొగుడు అమాయకుడో కాదో తెలియదు. ఆ తెలియకపోవడాన్నే చట్టం విచారణ అంటుంది.

చేయవలసినవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. కూలినాలి పోగొట్టుకోకుండా ఆదివారం కూడా ములాఖత్, ఎండకు వానకు ఒక కప్పు, ఆడవాళ్ళకు మరుగుదొడ్డి, ఒకరి మాట ఒకరికి వినబడే ఇంటర్‌కమ్, కార్డు లేనివాళ్ళకు పంచాయతీ కార్యదర్శి ధ్రువీకరణతో అనుమతి, న్యాయసేవాధికార సంస్థ తరఫున గేటు దగ్గరే ఒక లాయరు. ఎక్కడ ఏది ఉంటే అది చెడకుండా చూడటం, లేనిది పెట్టడం. వీటికి శాసనసభ తీర్మానం అక్కర్లేదు. జైలును తనిఖీ చేసే సందర్శక మండళ్ళున్నాయి, వాటిలో జిల్లా న్యాయమూర్తులుంటారు. ఈసారి వచ్చినప్పుడు బ్యారక్‌లు, వంటశాల చూసి వెళ్ళిపోకుండా గేటు బయటి వరసలో ఉన్నవాళ్ళతో ఒక గంట మాట్లాడితే, ఏ బస్సు ఎన్నింటికి పోతుందో, ఏ వేళకు ములాఖత్ పెడితే ఇల్లు చేరగలరో వాళ్ళే చెబుతారు.